పాత అంబాసిడర్ మరమ్మతు – 5వ పాఠం: డిస్ట్రిబ్యూటర్ మార్చడం

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని చేశారా? డిస్ట్రిబ్యూటర్ అంటే కరెంటును ఒక్కో ప్లగ్గుకూ వరసగా పంచే భాగం. దాని క్యాప్ తీసి, లోపల తిరిగే ముక్కను, అంటే రోటర్‌ను, రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు ఊపి చూడమన్నాను. ఊగితే లోపలి బుష్ అరిగిపోయినట్టే. అప్పుడు పాయింట్ల (కాయిల్ కరెంటును కలిపి తెంపే జంట ముక్కల) సందు మీరెంత శ్రద్ధగా సరిచేసినా ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా తెరుచుకుంటుంది. అలాంటి డిస్ట్రిబ్యూటర్‌ను మార్చాల్సిందే. ఊగకుండా, క్యాప్ లోపల మాత్రం పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లగీతలు కనిపిస్తే కొత్త క్యాప్ ఒక్కటి చాలు. కోనసీమ ముసుర్లకు తేమ చేరి ఆ గీతల వెంట కరెంటు దారి తప్పుతుంది.

ఈ పాఠం 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కు మాత్రమే. డీజిల్ అంబాసిడర్ ఉన్నవారికి ఈ వారం సెలవు. వాటికి నిప్పురవ్వతో పనే లేదు.

మొదటిసారి నేను ఈ పని అంబాజీపేటలో, కొబ్బరికాయల లారీల పక్కన చేశాను. ప్లగ్గు వైర్లన్నీ ఒకేసారి పీకేశాను. తిరిగి పెట్టేటప్పుడు రెండోదీ మూడోదీ తారుమారయ్యాయి. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ టపాకాయలా పేలింది. కాయలు దించుతున్నవాళ్లు చాలాసేపు నవ్వారు. అందుకే వైర్లకు ముందే అంకెల చీటీలు అంటించండి. రేడియేటర్ వైపుది ఒకటో సిలిండర్. నిప్పు పడే వరుస 1-3-4-2. పైనుంచి చూస్తే రోటర్ గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది.

బండిని చదునైన చోట ఆపండి. కాలువగట్టు వాలు మీద వద్దు. గేరులో ఉన్న బండి జానెడు జారినా ఇంజిన్ తిరిగిపోతుంది. ప్లగ్గులు తీసి, టాప్ గేరులో వేసి, బండిని మెల్లగా ముందుకు తోయించండి. ఒకటో ప్లగ్గు రంధ్రం మీద వేలు పెట్టి ఉంచండి. లోపలి గాలి వేలిని నెట్టడం మొదలయ్యాక, పుల్లీ మీది గాటు మీ బండి మాన్యువల్ చెప్పిన టైమింగ్ గుర్తుకు (నిప్పు పడాల్సిన క్షణాన్ని చూపే గుర్తుకు) చేరగానే ఆపాలి. అప్పుడు రోటర్ క్యాప్‌లోని ఒకటో వైరు చోటును చూస్తూ ఉండాలి. ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. ఇకమీదట బండి కదలకూడదు.

బ్యాటరీ ఎర్తు వైరు, కాయిల్ నుంచి వచ్చే సన్న వైరు, వాక్యూం గొట్టం విప్పండి. డిస్ట్రిబ్యూటర్ మెడను పట్టుకున్న పట్టీని, అంటే క్లాంప్‌ను, ఇంజిన్‌కు పట్టి ఉంచే రెండు బోల్టులు తీస్తే డిస్ట్రిబ్యూటర్ పైకి వచ్చేస్తుంది. దాని అడుగున నాలుకలాంటి ముక్క నట్టనడుమ కాక కాస్త పక్కకు ఉంటుంది. అందుకే కొత్తది ఒకే ఒక్క తీరులో కూర్చుంటుంది. కొద్దిగా అదుముతూ రోటర్‌ను తిప్పండి, గాడిలో పడినప్పుడు చేతికే తెలుస్తుంది. సుత్తి జోలికి పోవద్దు.

బిగించగానే స్టార్ట్ చేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. ముందు పాయింట్ల సందు చూడాలి, ఎందుకంటే సందు మారితే టైమింగూ మారుతుంది. ఇంజిన్‌లో కూర్చున్నాక పాయింట్లు పూర్తిగా తెరుచుకునే దాకా రోటర్‌ను చేత్తో తిప్పలేరు, అందుకని కొత్తదాన్ని ఇంజిన్‌లో దించకముందే, బల్ల మీదే ఈ పని ముగించుకోవడం మేలు. సందు కొలిచే రేకు, అంటే ఫీలర్ గేజితో 0.015 అంగుళం, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు.

తర్వాత సన్న వైరును, బ్యాటరీ ఎర్తును తిరిగి కలపండి. 12 వోల్టుల చిన్న బల్బు ఒక కొసను డిస్ట్రిబ్యూటర్‌కు సన్న వైరు కలిసే చోట, మరో కొసను ఎర్తుకు, అంటే ఇంజిన్ లోహానికి తగిలించి తాళం ఆన్ వరకే తిప్పండి, స్టార్ట్ చేయొద్దు. క్లాంప్ బిగింపు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ను గడియారానికి ఎదురుదిశలో బల్బు ఆరేదాకా తిప్పండి. ఇప్పుడు వెంట్రుకవాసి చొప్పున వెనక్కి, అంటే గడియారం దిశలో. బల్బు వెలిగిన క్షణంలో ఆపి బిగించండి. పాయింట్లు తెరుచుకునే చోటు, నిప్పురవ్వ పుట్టే చోటు అదే. తాళం ఆపి, క్యాప్, ప్లగ్గులు, వైర్లు, గొట్టం యథాస్థానంలో పెట్టేయండి.

ఈ వారం ఇంటిపని: టాప్ గేరులో ఏదైనా వంతెన ఎక్కుతూ ఇంజిన్ గోలీలు గలగలలాడినట్టు చప్పుడు చేస్తుందేమో వినండి. చేస్తే నిప్పు తొందరపడుతోందన్నమాట. దాన్ని ఎంత వెనక్కి జరపాలో 6వ పాఠంలో చూద్దాం.