పాత విండోస్‌తో నడిచే షాపులు ఆషాఢంలోనే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

"నడుస్తోంది కదా, ఎందుకు మార్చాలి?" చిక్కడపల్లిలో డీటీపీ షాపువాళ్లని అడిగినా, అమీర్‌పేటలో జిరాక్స్ సెంటర్ వాళ్లని అడిగినా ఇదే మాట. నడుస్తోంది, కాదనడం లేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న సపోర్ట్ అయిపోయింది, మర్నాడు పొద్దున సిస్టమ్ ఎప్పటిలాగే ఆన్ అయింది, దాంతో ఎవరికీ పట్టలేదు. ఆగిపోయినవి సెక్యూరిటీ అప్‌డేట్లు. కొత్తగా ఏదైనా లొసుగు బయటపడితే దాన్ని మూసే ప్యాచ్ మామూలుగా ఇక మీకు రాదు, అదే లొసుగుకి విండోస్ 11లో ప్యాచ్ వచ్చిందంటే మాత్రం దాన్ని చూసి 10లో ఎక్కడ దూరొచ్చో కనిపెట్టేవాళ్లు ఉంటారు.

2017 మేలో ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన పక్కన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా లాక్ అయిపోయాయి. దానికి విరుగుడు ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు, వాళ్లలో ఎక్కువమంది విండోస్ 7 మీద ఉన్నవాళ్లే. అప్పుడు ప్యాచ్ ఉండి కూడా వేసుకోలేదు. ఇప్పుడు విండోస్ 7కి అసలు ప్యాచ్ వచ్చే దారే లేదు, దాని సపోర్ట్ 2020 జనవరి 14నే ముగిసింది.

అలాగని పాతవన్నీ తీసి పారేయమని నేను చెప్పను. పాత సిస్టమ్‌ని పాత పనికి ఉంచుకోండి, కానీ దాని మీద ఇంటర్నెట్, డబ్బు లావాదేవీలు, కస్టమర్ల ఆధార్ కాగితాలు ఉండకూడదు. ఈ సర్దుబాటుకి ఆషాఢమే సరైన టైమ్. పెళ్లి కార్డుల పని ఉండదు కాబట్టి రెండ్రోజులు సిస్టమ్ పక్కన పెట్టినా కొంపేం మునగదు. శ్రావణం మొదలైతే కార్డులు, వెంటనే గణేశ్ మండపాల ఫ్లెక్సీలు, చందా రసీదు బుక్కులు, ఇక తల ఎత్తే తీరిక ఉండదు, సరిగ్గా అప్పుడే మొరాయించడం కంప్యూటర్లకి అలవాటు.

ముందు మీ దగ్గర ఏముందో చూసుకోండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌లో winver అని కొట్టి ఎంటర్ నొక్కితే వెర్షన్ చెప్తుంది. విండోస్ 10 అయితే దాని చివరి వెర్షన్ 22హెచ్2 (22H2) అని ఉండాలి, లేకపోతే ముందు దానికి తెచ్చుకోండి. ఇంకో సంగతి, ఇది చాలామంది చూడరు: సిస్టమ్ కొన్నప్పుడు కుర్రాడు పెన్‌డ్రైవ్‌తో వచ్చి క్రాక్ విండోస్ వేసి, "నెట్ తినేస్తది అన్నా" అని అప్‌డేట్లు ఆపేసి వెళ్లి ఉంటాడు. అలాంటి సిస్టమ్‌కి సపోర్ట్ ఉన్న రోజుల్లోనూ ఏమీ వచ్చి ఉండదు. ఆ క్రాక్ టూల్ పనిచేయాలంటే చాలాసార్లు యాంటీవైరస్ ఆపమంటుంది, మళ్లీ ఆన్ చేసినవాళ్లు ఎంతమంది? అది క్రాక్ అయితే రిపేర్ల జోలికి పోకుండా ఫార్మాట్ కొట్టించడమే నయం.

ఒరిజినల్ విండోస్ 10 ఉన్నవాళ్లకి ఇంకొంత గడువు ఉంది. ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అని మైక్రోసాఫ్ట్ పెట్టిన స్కీమ్‌లో చేరితే సెక్యూరిటీ ప్యాచ్‌లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో చేరమని లింక్ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, అది వద్దనుకుంటే 30 డాలర్లు, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు. ఒకే అకౌంట్‌తో 10 సిస్టమ్‌ల దాకా కలుపుకోవచ్చు. ఇది ఇంట్లో వాడేవాళ్ల కోసం పెట్టింది, ఆఫీసుల్లో డొమైన్‌కి, అంటే కంపెనీ నెట్‌వర్క్‌కి కలిపిన సిస్టమ్‌లకి వర్తించదు. కొత్త ఫీచర్లేమీ రావు, మనకి అవసరమూ లేదు.

విండోస్ 11కి వెళ్లాలంటే ప్రాసెసర్ చూడాలి. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి అనుమతిస్తుంది, దాంతోపాటు టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. ఐ5-7200యు అంటే ఏడోది, ఐ5-8250యు అంటే ఎనిమిదోది, గీత తర్వాతి అంకెలోనే మొత్తం తేడా. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కంపెనీలు వదిలేసిన ల్యాప్‌టాప్‌లు కొనేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఏడోదీ ఎనిమిదోదీ బయటికి ఒకేలా ఉంటాయి, రెండిట్లోనూ "విండోస్ 11 వేసి ఇస్తాం" అంటారు. ఏడో దాంట్లో కూడా అడ్డదారిలో ఎక్కించొచ్చు, అది నిజమే, కానీ అలాంటి మెషీన్‌కి అప్‌డేట్లు ఎప్పటికీ వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇంట్లో పిల్లల కోసమైతే మీ ఇష్టం, షాపుకి మాత్రం వద్దు. ప్రాసెసర్ సరిపోయి కూడా "మీ పీసీ పనికిరాదు" అని వస్తే కంగారు పడకండి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) టీపీఎమ్ ఆఫ్‌లో ఉండి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎమ్.

ఇక అసలు చిక్కు అను అనే పాత తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్. పదేళ్ల పాత కార్డుల ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి, పేజ్‌మేకర్‌ని అడోబ్ ఎప్పుడో వదిలేసింది, 7 తర్వాత ఇంకోటి రాలేదు. అను అక్షరాలు యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ సిస్టమ్‌లూ చదవగలిగే పద్ధతి, కావు కాబట్టి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి, కన్వర్టర్‌లో వేస్తే వత్తులు అటూ ఇటూ అవుతాయి. అందుకే ఆ సిస్టమ్‌ని ముట్టుకోవాలంటే షాపువాళ్లకి టెన్షన్. ముట్టుకోకండి. లాన్ కేబుల్ పీకేసి, వైఫై పాస్‌వర్డ్ కూడా మరిచిపోయేలా చేసి, ఆ మూలనే అలాగే ఉంచండి. పేజీ అయ్యాక పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో కొత్త సిస్టమ్‌కి తెచ్చుకుని అక్కడి నుంచి పంపండి. కొత్త సిస్టమ్‌లో అను ఎక్కించుకునే పనైతే, పాత కార్డు ఒకటి తెరిచి "లక్ష్మి", "ముహూర్తం", "జ్యేష్ఠ పుత్రుడు" లాంటి మాటలు ప్రూఫ్ తీసి చూశాకే పాతది కదపండి. పెళ్లికొడుకు పేరులో వత్తు ఎగిరిపోయిన కార్డులు వెయ్యి అచ్చయ్యాక తెలిస్తే ఆ ఖర్చు ఎవరిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

నెట్ తీసేసినా ఇంకో గుమ్మం తెరిచే ఉంటుంది, అది కస్టమర్ పెన్‌డ్రైవ్. జిరాక్స్ షాపుల్లో తిరిగే షార్ట్‌కట్ వైరస్ అందరికీ తెలిసిందే: పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నిటికీ మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది, అసలు ఫోల్డర్లు దాక్కుని ఉంటాయి, ఆ బాణం ఉన్నదాన్ని డబుల్ క్లిక్ చేశారో అది మీ సిస్టమ్‌లోకి దిగి, తర్వాత వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటుకుంటుంది. కాబట్టి పాతదానికి షాపు పెన్‌డ్రైవ్ ఒక్కటే వాడండి, బయటివాళ్లది ఎవరిదైనా ముందు కొత్త సిస్టమ్‌లో స్కాన్ అవ్వాలి, పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరుచుకునే ఆటోప్లే రెండిట్లోనూ ఆఫ్. "అర్జెంట్ అన్నా, ఒక్క ప్రింట్" అన్నా సరే.

బ్యాంకు, జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ పనులు విండోస్ 7, 8.1 మీద చేయనే చేయకండి. వాటికి వచ్చిన చివరి క్రోమ్ బ్రౌజర్ వెర్షన్ 109, అది 2023 నాటిది. కస్టమర్ల ఆధార్లు, పాస్‌బుక్కులు డౌన్‌లోడ్స్‌లో గుట్టపడి ఉంటాయి, ఏ రోజువి ఆ రోజు రీసైకిల్ బిన్‌తో సహా తీసేయండి.

ఏది మార్చినా ముందు బ్యాకప్. ట్యాలీ డేటా ఫోల్డర్, పాత కార్డుల ఫైళ్లు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు ఫైళ్లు తెరిచి చూసి, డిస్క్ పీకి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ సిస్టమ్‌కే తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేస్తుంది. అప్‌గ్రేడ్ పొద్దున్నే మొదలుపెట్టండి, యూపీఎస్ మీద. సాయంత్రం మబ్బు పట్టాక మొదలుపెడితే సగంలో కరెంటు పోయి, విండోస్ అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉండిపోతుంది.

ఇంట్లో యూట్యూబ్, పంచాంగం, మెయిల్ చూసుకునే పెద్దవాళ్ల పాత పీసీకి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి, ఉచితం, నాలుగు జీబీ ర్యామ్‌తో కూడా లాక్కొస్తుంది, తెలుగు టైపింగ్ కూడా పెట్టుకోవచ్చు. అను, పేజ్‌మేకర్ దాని మీద ఆశించకండి.

పాతది అమ్మేస్తుంటే హార్డ్‌డిస్క్ తీసేసి అమ్మండి, డిలీట్ చేసిన ఫైళ్లు వెనక్కి తెచ్చేవాళ్లు ఊర్లో బోలెడు. ఇన్ని చేసినా ఎప్పుడైనా అకౌంట్ నుంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే సిస్టమ్ బాగుచేయించడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత బ్యాంకుకి. ఎంత త్వరగా చెప్తే అవతలి అకౌంట్లో డబ్బు ఆపించే వీలు అంత ఉంటుంది.