మందకు పీపీఆర్ టీకా వేయించే ముందు, వేయించాక

పాలమూరు వైపు పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా పని చేస్తాను. పీపీఆర్ అంటే గొర్రెలకు, మేకలకు వైరస్ వల్ల వచ్చే అంటురోగం. టీకాల సీజన్‌లో నేను ఎక్కువగా వినే మాట, "బాగున్నవాటికి సూదెందుకు సారూ?" బాగున్నప్పుడే వేయాలి. కళ్లు, ముక్కు కారి, నోరు పుండ్లు పడి, పారుడు మొదలయ్యాక ఈ టీకాతో ఫలితం ఉండదు.

రెండు వారాల ముందు నట్టల మందు తాగించండి. టీకా రోజు తెల్లవారగానే, మేతకు వదలకముందే రమ్మంటాం. జీవాలన్నీ దొడ్డిలోనే ఉండాలి. "సగం మంద మా తమ్ముడి దగ్గరుంది, రేపు వేద్దాం" అంటే నాకు టెన్షన్. ఈ వైరస్ ఒక జీవం నుంచి ఇంకోదానికి పాకుతూనే బతుకుతుంది. మీరు వదిలేసిన సగంలోనే దానికి చోటు దొరుకుతుంది.

సీసాను ఐస్ డబ్బాలోంచి తీస్తున్నారా లేదా చూడండి, అడగండి, మొహమాటపడొద్దు. పొడి మందును చల్లటి ద్రావణంలో కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. ఎండలో బండి మీద పెట్టిన సీసా పనికిరాదు. సూది గుచ్చేచోట స్పిరిట్ రుద్దొద్దు. ఇది బతికున్న వైరస్‌ను నీరసపరచి చేసిన టీకా, స్పిరిట్‌కు చచ్చిపోతుంది. మోతాదు పెద్దదానికైనా పిల్లకైనా ఒక మిల్లీలీటరే, చర్మం కిందికి. నాలుగు నెలలు నిండని పిల్లలను పక్కన పెట్టండి. జ్వరంతో ఉన్నవాటిని కూడా. చూడి గొర్రెలను కాళ్లు పట్టి ఈడ్చకండి, నిదానంగా పట్టుకోండి. వేసినదానికల్లా వీపున రంగు పూస్తే ఏదీ తప్పిపోదు.

వేసిన మర్నాడే రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా సంతకు తోలొద్దు, వలసకు కదలొద్దు. సంతలో కొన్నవాటిని మూడు వారాలు విడిగా కట్టేసి, ఆరోగ్యంగా ఉంటేనే టీకా వేయించి, ఆ తర్వాతే మందలో కలపండి.

ఈ రోగాన్ని 2030 కల్లా ప్రపంచంలోనే లేకుండా చేయాలన్నది లక్ష్యం. అయ్యే పనేనా అని నవ్వేవాళ్లకు నేను రిండర్‌పెస్ట్ గురించి చెబుతాను. ఎడ్లను, బర్రెలను మందలు మందలుగా చంపిన ఆ రోగం వైరస్ దీనికి దాయాదే. టీకాలతోనే అణచి, 2011లో లోకంలోనే లేదని ప్రకటించారు.

ఒకసారి వేస్తే మూడేళ్లదాకా ఢోకా లేదు. కాబట్టి వచ్చే ఏడాది పాతవాటిని మళ్లీ పొడిపించక్కర్లేదు. అప్పటికి నాలుగు నెలలు దాటిన పిల్లలను, కొత్తగా కొన్నవాటిని మాత్రం పట్టి ఉంచండి.