కుండీలో లెమన్ మర్టిల్: పెంపకం, వాడకం

బ్రిస్బేన్‌లో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా ఇంట్లో ఏం మొక్క వేయాలని అడిగితే నేను ముందు లెమన్ మర్టిల్ పేరే చెప్తాను. ఆకులు నిమ్మ వాసన వేసే ఈ మొక్క క్వీన్స్‌లాండ్ వానడవుల సొంత చెట్టు. జామ, నేరేడు దీని చుట్టాలే. అడవిలో పెద్ద చెట్టవుతుంది కానీ, కత్తిరిస్తూ ఉంటే కుండీలోనే మనిషెత్తు పొదలా ఒదిగిపోతుంది.

నర్సరీలో మొక్క కొనుక్కోండి. కొమ్మ గుచ్చితే వేరు పట్టడానికి చాలాకాలం పడుతుంది. నీళ్లు నిలవని మట్టి, ఉదయపు ఎండ తగిలే చోటు ఉంటే చాలు. లేత మొక్కని మంచు నుంచి కాపాడాలి. వేసవిలో మాత్రం మట్టి ఎండిపోనివ్వద్దు.

ఇక అసలు జాగ్రత్త మర్టిల్ రస్ట్ అనే తుప్పు తెగులు విషయంలో. అది 2010లో ఆస్ట్రేలియాలో బయటపడింది. ముదురు ఆకుల జోలికి పోదు, చిగుళ్లనే పడుతుంది. వారానికోసారైనా లేత ఆకుని తిప్పి అడుగున చూడండి. ముందు ఊదారంగు మచ్చలు కనిపిస్తాయి, తర్వాత వాటి మీద పసుపు చల్లినట్టు పొడి లేస్తుంది. దాన్ని దులపొద్దు, గాలికి ఎగిరి తెగులుని వేరే మొక్కలకి మోసుకెళ్తుంది. కొమ్మకి ప్లాస్టిక్ సంచి తొడిగి, దాంతోపాటే కోసి, మూతి కట్టేయండి. ఎరువు కుప్పలో అసలు వేయొద్దు. కత్తెర కడగండి, బట్టలు మార్చుకోండి. మన కుండీ ఒక్కటే బాగుంటే సరిపోదు కదా, రోడమ్నియా రుబెసెన్స్ అనే వానడవి పొద ఈ తెగులు వల్లే అంతరించే స్థితికి వచ్చింది. అందుకే ముసురు పట్టిన రోజుల్లో కత్తిరించొద్దంటాను. కత్తిరిస్తే చిగుళ్లన్నీ ఒక్కసారే వస్తాయి, తడికి తెగులూ వస్తుంది. పూలు అయిపోయాక, పొడి వాతావరణం చూసి కత్తిరించండి.

వంటకి ముదురు ఆకులే కోయండి. నీడలో ఆరబెట్టి, గలగలమన్నాక గాలి చొరని సీసాలో పెట్టండి. ఈ ఆకు నూనెలో 90 శాతం పైగా సిట్రాల్ అనే నిమ్మ వాసనిచ్చే పదార్థమే, అందుకే నిమ్మకాయ కంటే ఘాటైన వాసన. కానీ పులుపు లేదు. కాబట్టి పాలలో వేసినా విరగవు! సేమ్యా పాయసం దించాక రెండు ఆకులు వేసి మూతపెట్టండి, వడ్డించే ముందు తీసేయండి. పొయ్యి మీద మరిగిస్తే వాసన ఆవిరైపోతుంది. పులిహోరకి మాత్రం నిమ్మకాయే పిండుకోండి.

ఇండియా వెళ్లేటప్పుడు అమ్మకి చూపిద్దామని మొక్కనో పచ్చి కొమ్మనో పెట్టెలో పెట్టుకోకండి. తెగులు దానితోపాటు మన జామ, నేరేడు తోటల దాకా ప్రయాణం చేయగలదు.