డబుల్ బాస్ నేర్చుకుందాం, 3వ పాఠం: కొనేముందు తట్టి చూడండి

పోయిన రెండు పాఠాల్లో మనిషెత్తు వయొలిన్ లాంటి ఈ వాయిద్యాన్ని అద్దెకి తెచ్చి పట్టుకుని నిలబడటం, చూపుడువేలితో తీగ లాగడం చూశాం. ఇప్పుడు సొంత బాస్ కొనే సంగతి. మనకి కావాల్సింది జాజ్‌కి పనికొచ్చేది. అంటే కమాను కంటే వేలికి బాగా పలకాలి.

సైజు గురించి బుర్ర పాడుచేసుకోకండి. జాజ్ వాళ్లు ఎక్కువగా వాయించేది 3/4 సైజే. పేరు చూసి పిల్లల వాయిద్యం అనుకునేరు, అది పెద్దవాళ్లదే. తీగ పొడవు 104 నుంచి 106 సెంటీమీటర్ల మధ్య ఉంటే సరి.

చెక్క విషయంలోనే అందరికీ టెన్షన్. మొత్తం ప్లైవుడ్‌తో చేసినవి ఉంటాయి. స్ప్రూస్ ముఖం, మేపుల్ వీపు, పక్కలు అన్నీ అసలు చెక్కతో చెక్కినవీ ఉంటాయి. ముఖం మాత్రం చెక్కి, మిగతాది ప్లైవుడ్‌తో చేసినవి మూడో రకం. ప్లైవుడ్ అంటే చిన్నచూపు చూడొద్దు. చికాగోలో కే కంపెనీ ఏనాడో చేసిన ప్లైవుడ్ బాసులు ఇప్పటికీ క్లబ్బుల్లో మోగుతున్నాయి. వాతావరణం మారితే అసలు చెక్క బీటలు వారే భయం ఎక్కువ, ప్లైవుడ్ తట్టుకుంటుంది. మొదటి బాస్‌కి నా ఓటు మూడో రకానికి. డబ్బు చాలకపోతే ప్లైవుడ్డే తీసుకుని, మిగిలింది తీగల ఎత్తూ అవీ సరిచేయించే సెటప్‌కి పెట్టండి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా మొదటి బాస్‌ని వార్నిష్ మెరుపు చూసి కొన్నాను. తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవలేదు. వారంలో వేళ్లు బొబ్బలెక్కాయి. మీరు చిన్న స్కేలు జేబులో పెట్టుకెళ్లండి. ఫింగర్‌బోర్డు (తీగల్ని వేళ్లతో నొక్కే పొడుగు పలక) చివర అన్నిటికంటే సన్నని జి తీగ కింద 5, 6 మిల్లీమీటర్లు, అన్నిటికంటే లావు ఇ తీగ కింద 8, 9 ఉంటే మొదలుపెట్టడానికి హాయి. మరీ కిందికి దించితే తీగ బోర్డుకి తగిలి గరగరమంటుంది, డ్రమ్స్ పక్కన బాస్ వినపడదు. తీగల్ని మోసే చెక్క బ్రిడ్జి కాళ్లలో తిప్పుకునే మరలు ఉంటే ఎత్తు మీరే మార్చుకోవచ్చు.

ఇక తట్టడం. కుండ కొనేటప్పుడు వేలు మడిచి కొడతాం చూడండి, అలాగే బాస్ అంచు పొడుగునా జానెడుకోసారి తట్టుకుంటూ పోండి. గట్టి చోట ‘టక్’మంటుంది. జిగురు ఊడినచోట చప్పుడు పగిలినట్టు, లూజుగా వస్తుంది. అదొక్కటే అయితే భయం లేదు, మళ్లీ అతికిస్తారు. మెడ ఒంటికి అతికే చోట సందు కనిపిస్తే మాత్రం వదిలేయండి.

తర్వాత జి తీగ మీద ఒక్కో అరస్వరం పైకి జరుగుతూ లాగండి. ఏదో ఒక స్వరం మిగతావాటి కంటే ముందే చచ్చిపోతోందా? గుర్తుపెట్టుకోండి. ఒకటైతే సర్దుకోవచ్చు, మూడు నాలుగైతే ఆలోచించాలి. చివరికి బాస్ వేరేవాళ్ల చేతికిచ్చి పదడుగులు వెనక్కి వెళ్లి వినండి. వాయించేవాళ్ల చెవికి తెలిసేది వేరు, ఎదురుగా కూర్చున్నవాళ్లకి చేరేది వేరు.

ఈ వారం పని: షాపుకెళ్లండి, కొనకండి. మూడు బాసుల మీద నాలుగు తీగలూ ఊరికే లాగి ఫోన్‌లో రికార్డు చేసుకురండి. వచ్చే పాఠం వాటితోనే. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ చిన్న స్పీకర్‌కి అంత కిందిస్థాయి అందదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.