రిటైర్డ్ నేవీ మావయ్యగారికి, పైగా మౌత్ ఆర్గాన్ వాయించే ఆయనకి, సంస్మరణ సభ ఎలా పెట్టాలి

వైజాగ్‌లో మల్కాపురం, గాజువాక, మర్రిపాలెం, ఎన్ఏడీ వైపు ఏ వీధికెళ్ళినా ఒక రిటైర్డ్ నేవీ ఆయన ఉంటారు, పేరు పెట్టి ఎవరూ పిలవరు, నేవీ మావయ్యగారు అంటే చాలు ఆటోవాడు కూడా ఇల్లు చూపిస్తాడు. మా వీధి మావయ్యగారు మౌత్ ఆర్గాన్, హార్మోనియం రెండూ వాయించేవారు. పిల్లల సైకిల్ చైన్ ఊడితే వేసిపెట్టేవారు, ఒంటరిగా ఉండే ముసలాళ్ళ కరెంటు బిల్లులు తనే వెళ్ళి కట్టొచ్చేవారు. ఆయన పోయాక సభ పనులు నా మీద పడ్డాయి, అప్పట్నుంచీ తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఇలాంటిది జరిగితే నాకే ఫోన్ చేస్తున్నారు, అందుకే అంతా ఒకచోట రాసిపెడుతున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఇలాంటాయనకి ఉపన్యాసాలు తగ్గించి పాటలు పెట్టండి. కానీ దానికంటే ముందు ఆయన వాయించిన సౌండ్ ఎక్కడెక్కడ మిగిలుందో పోగెయ్యండి. ఫోటోలు ఎలాగోలా ఎవరో ఒకరి దగ్గర దొరుకుతాయి, సౌండే ముందు పోతుంది.

మొదటి పని ఆయన ఫోన్. దాన్ని ఎవరికీ ఇచ్చెయ్యొద్దు, ఫార్మాట్ అసలే వద్దు, సిమ్ రీఛార్జ్ చేస్తూ ఉండండి, ఎందుకంటే బ్యాంకు ఓటీపీలు, పెన్షన్ ఓటీపీలు ఇంకా కొన్నాళ్ళు ఆ నంబర్‌కే వస్తాయి. వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు, ఎవరి పుట్టినరోజుకో వాయించి పంపిన చిన్న బిట్లు, అవన్నీ అవతలివాళ్ళ ఫోన్లలో ఉంటాయి కాబట్టి చుట్టాలకి, ఫ్రెండ్స్‌కి ఒకటే మెసేజ్ పెట్టండి, "ఆయన వాయించిన వీడియో గానీ ఆడియో గానీ ఉంటే డాక్యుమెంట్‌గా పంపండి" అని. మామూలు వీడియోలా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, డాక్యుమెంట్ అయితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. పెళ్ళి వీడియోలు కూడా అడగండి. ఎవరి పెళ్ళిలోనో భోజనాల దగ్గర వెనకాల మూల కూర్చుని వాయిస్తూ ఉంటారు, వీడియోగ్రాఫర్ ఆయన్ని తియ్యకపోయినా సౌండ్ పడుతుంది.

ఆ తరం వాళ్ళింట్లో క్యాసెట్లు తప్పకుండా ఉంటాయి, వీటి దగ్గర మాత్రం తొందర వద్దు. ముందు క్యాసెట్‌ని వెలుతురులో పెట్టి కిటికీలోంచి టేప్ చుట్ట చూడండి, తెల్లగా బూజు కనపడితే ప్లేయర్‌లో పెట్టొద్దు, ఆ బూజు ప్లేయర్ హెడ్‌కి, అంటే టేప్‌ని చదివే భాగానికి, అంటుకుని తర్వాతి క్యాసెట్లకి కూడా పాకుతుంది, దాన్ని పక్కన పెట్టి తెలిసినవాళ్ళకి ఇవ్వండి. బాగున్నదానికి పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు ఉంటాయి, అవి విరిచేస్తే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా దిగదు, పాత పాట మీద కొత్తది పడిపోయే భయం ఉండదు. తర్వాత ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి మళ్ళీ వెనక్కి తిప్పండి, ఏళ్ళ తరబడి కదలని టేప్ కొంచెం వదులవుతుంది. ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచి, లైన్ అవుట్ లేదంటే ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి కేబుల్ వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించండి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సరైన ఇన్‌పుట్ ఉండట్లేదు కాబట్టి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ ఒకటి కొనుక్కోవాల్సొస్తుంది. ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ చాలు, 44,100 హెర్ట్జ్ పెట్టి వేవ్ ఫైల్‌గా సేవ్ చెయ్యండి. 60 నిమిషాల క్యాసెట్‌కి గంట పడుతుంది, షార్ట్‌కట్ లేదు. ఇంకోటి, మన కుర్రాళ్ళు అత్యుత్సాహంతో నాయిస్ రిడక్షన్ కొట్టేస్తారు, అలా చేస్తే మౌత్ ఆర్గాన్‌లో ఆ గాలి పీల్చే చప్పుడు కూడా కొట్టుకుపోయి ప్లాస్టిక్ బొమ్మ వాయించినట్టు వస్తుంది. కావాలంటే కాపీ మీద చేసుకోండి, ఒరిజినల్‌లో ఆయన దగ్గు, వెనకాల కుక్కర్ విజిల్, అత్తయ్యగారి కేకలు అన్నీ ఉండనివ్వండి.

ఇక ఫ్లెక్స్ మీద, బ్రోచర్ మీద ఏం రాయాలి అనే గొడవ. నేవీ అనగానే మనవాళ్ళు పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ సబ్‌మెరైన్ దగ్గరికి వెళ్ళిపోతారు, 1971 డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి వైజాగ్ తీరం దగ్గర మునిగింది కదా, ఆ కాలం నేవీ వాళ్ళంతా దాన్ని ముంచినవాళ్ళే అన్నట్టు రాసేస్తారు. ఆయన 1974లో చేరి ఉంటే ఏం చేస్తారు? డిశ్చార్జ్ బుక్ తీసి చూడండి, ఏ షిప్‌లో ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని అందులో ఉంటుంది. అది దొరక్కపోతే సెయిలర్ల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి, వాళ్ళకి రాయొచ్చు, కానీ సభ డేట్‌కి జవాబు వచ్చేస్తుందని కూర్చోకండి. షిప్ పేరుతో పాటు సంవత్సరం చూడటం కూడా ముఖ్యం, ఎందుకంటే ఒకే పేరు మళ్ళీ మళ్ళీ పెడతారు. 1971లో ఉన్న రాజ్‌పుత్ వేరు, అది 1976లో రిటైర్ అయింది, 1980లో వచ్చి 2021లో ఇక్కడ వైజాగ్‌లోనే డీకమిషన్ అయిన రాజ్‌పుత్ వేరు. విక్రాంత్ కూడా అంతే, 1961 నుంచి 1997 దాకా ఒకటి, 2022లో వచ్చింది ఇంకొకటి. గూగుల్‌లో దొరికిన ఫోటో పెట్టేస్తే ముందు వరసలో కూర్చున్న ఆయన సర్వీస్‌మేట్లు చూసి ఏమీ అనరు గానీ ఇబ్బందిపడతారు.

ఫోటోల వెనక డేట్ లేకపోతే నేవీ జెండా చూడండి, బాగా పనికొస్తుంది. ఎర్ర క్రాస్ ఉండి మూలన మువ్వన్నెల జెండా ఉంటే, క్రాస్ మధ్యలో ఏమీ లేకపోతే 2001 ఆగస్టు లోపుది. క్రాస్ లేకుండా నీలం నేవీ గుర్తు ఉంటే 2001, 2004 మధ్యది. క్రాస్ మధ్యలో సింహాల గుర్తు ఉంటే 2004 తర్వాతది. ఇప్పుడున్న ఎనిమిది పలకల నీలం గుర్తు 2022 సెప్టెంబర్ 2న వచ్చింది. ఫ్లెక్స్ డిజైన్ చేసే అబ్బాయి పాత ఫోటోలో పాత జెండా చూసి "అప్‌డేట్ చేస్తా అన్నా" అంటే వద్దనండి. మెడల్స్ కలిసిపోయి ఎవరివో తెలీకపోతే అంచు తిప్పి చూడండి, నంబరు, పేరు చెక్కి ఉంటాయి. మెరవాలని బ్రాసో లాంటి మెటల్ పాలిష్ పెట్టి రుద్దకండి, ఆ అక్షరాలే అరిగిపోతాయి.

జాతీయ జెండా విషయం సీరియస్‌గా చెప్తున్నా. అభిమానంతో టేబుల్ మీద పరిచేస్తారు, ఫోటో చుట్టూ కప్పేస్తారు, జెండా మీద ఆయన ఫోటో ప్రింట్ కొట్టిస్తారు. జెండా కప్పడం అనేది ప్రభుత్వ లాంఛనాల అంత్యక్రియలకి, సైనిక, పారామిలటరీ అంత్యక్రియలకి మాత్రమే, జెండా మీద అక్షరాలు, బొమ్మలు వెయ్యడం కూడా జాతీయ చిహ్నాలని అవమానించకూడదనే 1971 చట్టం ప్రకారం కుదరదు. స్టాండ్‌కి నిటారుగా ఒక జెండా పెట్టండి, చాలు. దాని పక్కన నేవీ మోటో "శం నో వరుణః" రాసుకోవచ్చు, దాంట్లో ఇబ్బందేం లేదు.

ఆఫీసు పనులు ఒక్క పేరాలో: స్పర్శ్ అనే డిఫెన్స్ పెన్షన్ పోర్టల్‌లో మరణం నమోదు చేసి ఫ్యామిలీ పెన్షన్‌కి పెట్టాలి, పీపీఓలో (పెన్షన్ ఆర్డర్ కాగితం) అత్తయ్యగారి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో ముందే చూసుకోండి, చాలామందికి ఆగేది అక్కడే. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, క్యాంటీన్ కార్డు సంగతి కూడా ఆయా ఆఫీసుల్లో చెప్పాలి. తెలీకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే దారి చూపిస్తారు.

సరే, వాయిద్యాలు. ఇంటి తేమగాలికి అన్నీ తుప్పు పడతాయి, బీచ్‌కి దగ్గరైతే మరీ. మౌత్ ఆర్గాన్‌ని నీళ్ళలో కడగొద్దు, లోపల చెక్క ఉన్నదైతే ఉబ్బిపోతుంది. పొడి గుడ్డతో తుడిచి సిలికా జెల్ పొట్లం వేసి డబ్బాలో పెట్టండి. హార్మోనియం పెట్టెలో కలరా ఉండలు వెయ్యండి, పురుగులు తోలుతిత్తి కొరికేస్తాయి. సభకి ముందు శృతి చేయిద్దాం అని తెలీనివాళ్ళకి మాత్రం ఇవ్వకండి, రీడ్‌ని, అంటే లోపల మోగే లోహపు రేకుని, గీకి శృతి చేస్తారు, గీకిన లోహం మళ్ళీ రాదు. అటూ ఇటూ ఉన్నా ఆయన వాయించిన శృతిలోనే ఉండనివ్వండి.

సభ రోజు ఏది? పెద్దకర్మ రోజు వద్దు, ఇంట్లోవాళ్ళకి ఊపిరాడదు. ఆ తర్వాత వచ్చే ఆదివారం గానీ, మాసికం దగ్గర్లో ఒక సాయంత్రం గానీ పెట్టుకోండి, కేరళ, పంజాబ్ నుంచి కోర్స్‌మేట్లు రావాలంటే ట్రైన్ టికెట్లు దొరకాలి కదా. డిసెంబర్ 4 మంచి రోజే అనిపిస్తుంది గానీ వైజాగ్‌లో ఆ వారం నేవీ డే హడావిడి, రావాల్సినవాళ్ళే బిజీగా ఉంటారు. కళాభారతి లాంటి పెద్ద హాలు అక్కర్లేదు, కాలనీ కమ్యూనిటీ హాలు చాలు, పెద్ద హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉంటే మౌత్ ఆర్గాన్ సౌండ్ కూడా తేలిపోతుంది. ఆరుబయట పెడితే మైక్ రాత్రి 10 లోపు ఆపెయ్యాలి, అది రూలు.

ప్రోగ్రాం గంటన్నర దాటనివ్వకండి. మాట్లాడేవాళ్ళు నలుగురే, తలా మూడు నిమిషాలు, ఒక్కొక్కరి తర్వాత ఒక పాట. కార్పొరేటర్‌ని పిలిస్తే ఆయన మూడు నిమిషాలు పదిహేనవుతాయి, పిలవాలా వద్దా మీ ఇష్టం. సర్వీస్‌మేట్లని "ఆయన గొప్పతనం చెప్పండి" అని అడక్కండి, అందరూ ఒకటే చెప్తారు, "బరాఖానాలో (అందరూ కలిసి చేసే విందులో) ఆయన ఏ పాట ఎత్తుకునేవారు, ఎవరు పాడేవారు" అని అడగండి, అప్పుడు మనిషి బయటికొస్తాడు. హిందీలో చెప్తే హిందీలోనే చెప్పనివ్వండి.

పాటలు ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలే వాయించాలి, తప్పులు పోయినా సరే, డబ్బులిచ్చి ఆర్కెస్ట్రాని పెట్టకండి. రిహార్సల్‌లో ముందు శృతి కలవాలి: మౌత్ ఆర్గాన్ పక్కన చెక్కిన అక్షరం చూడండి, సి అయితే ఒకటో శృతి, జి అయితే ఐదు. పాడే ఆడవాళ్ళు మామూలుగా ఐదులో పాడతారు, చేతిలో సి ఆర్గాన్ ఉంటే ఒకళ్ళు సర్దుకోవాలి, అది స్టేజ్ మీద తేలే విషయం కాదు. మైక్‌ని రెండు అరచేతుల మధ్య ఆర్గాన్‌తో పాటు పట్టుకోవడం ముందే అలవాటు చెయ్యండి. మన సౌండ్ వాళ్ళు అడక్కుండానే ఎకో ఫుల్లుగా తిప్పేస్తారు, పక్కన ఒక మనిషిని నిలబెట్టి తగ్గించండి. ఆయన రికార్డింగ్ మొదట్లో వెయ్యొద్దు, అది విన్నాక ఇంట్లోవాళ్ళు తేరుకోవడం కష్టం, పిల్లలకి కూడా చెయ్యి ఆడదు, అందరూ వాయించాక వెయ్యండి. లైవ్ పెడితే సినిమా పాట అని ఫేస్‌బుక్, యూట్యూబ్ మ్యూట్ చేసే అవకాశం ఉంది, అమెరికాలో ఉన్న కొడుకు చూడాలంటే వాట్సాప్ కాలో గూగుల్ మీటో నయం.

పోగైన డబ్బు మిగిలితే విగ్రహం, శిలాఫలకం లాంటి ఆలోచనలు చాలామంది చెప్తారు. నేనైతే వీధి పిల్లలకి కొత్త మౌత్ ఆర్గాన్లు కొంటా, లేదంటే సంగీతం చదువుకునే ఒక పిల్లకో పిల్లాడికో ఫీజు కడతా, పక్కనే విజయనగరంలో 1919 నుంచి మహారాజా సంగీత కళాశాల ఉంది, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు. ఆయన సొంత ఆర్గాన్ మాత్రం ఎవరికీ దానం ఇచ్చెయ్యకండి, అత్తయ్యగారు ఇస్తానంటే తప్ప.

చివరిగా అత్తయ్యగారికి స్మార్ట్‌ఫోన్‌లో వెతుక్కోవడం రాకపోతే ఆయన రికార్డింగులన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, పెద్ద బటన్లున్న యూఎస్‌బీ స్పీకర్‌కి పెట్టివ్వండి. చిన్న ప్లేయర్లు 32 జీబీ లోపు డ్రైవ్‌లనే సరిగ్గా చదువుతాయి, వేవ్ ఫైళ్ళు కొన్ని చదవవు కూడా, అందుకని ఎంపీ3 చేసి, ఆవిడకి ఇష్టమైన వరసలో ఫైల్ పేర్లకి ముందు 01, 02 అని పెట్టండి. ఏది ఏ వరసలో అనేది ఆవిడనే అడగండి.