పర్సు అంచు పీచు లేస్తుంటే ఏం చేశానంటే

నా మొదటి తోలు పర్సుకి కుట్టు బాగానే కుదిరింది, అంచులే కుదరలేదు. తడిచేసి గుడ్డతో ఎంత రుద్దినా పీచు లేస్తూనే ఉంది. రెండు సాయంత్రాలు వృథా. తీరా చూస్తే అది క్రోమ్‌తో పదునుచేసిన తోలు, అంటే పచ్చి చర్మం కుళ్లకుండా క్రోమియం లవణాలతో శుద్ధిచేసింది. కోసిన చోట మధ్యలో నీలిబూడిద రంగు చార కనిపించింది. ఈ రకం రుద్దితే నునుపెక్కదు.

తంగేడు చెక్క, కరక్కాయ లాంటివాటితో పదునుచేసిన తోలు తెచ్చుకున్నా. అంచుని 400, తర్వాత 800 నంబరు ఎమరీ పేపర్‌తో అరగదీసి, వేలితో కాస్త నీళ్లద్ది, పాత జీన్స్ ముక్కతో గబగబా రుద్దాను. వేడెక్కేకొద్దీ పొరలు కలిసిపోయి, చింతగింజలా నిగనిగలాడింది. నీళ్లెక్కువైతే మరక పడుతుంది, నాకు పడింది.

పాత పర్సుకి ఎడ్జ్ పెయింట్ (అంచులకి పూసే రంగు) మూడు పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి వేశా. మా ఆవిడ కూరగాయలకి వెళ్తే ఇప్పుడు అదే పట్టుకెళ్తోంది.