ఎంబీబీఎస్‌లో చేరకముందే ఆస్పత్రి పని దగ్గర నుంచి చూడటం ఎలా?

ముందే చెప్పాలి, మన దగ్గర మెడికల్ సీటుకు నీట్ ర్యాంకే ఆధారం. ఆస్పత్రిలో ఎన్నాళ్లు తిరిగినా 720లో ఒక్క మార్కూ కలవదు. అయినా నాలుగున్నరేళ్ల చదువుకూ, ఏడాది హౌస్‌సర్జన్సీకీ సిద్ధమయ్యేవాళ్లు రెండు వారాలు ఓపీ వరండాలో నిలబడి చూడటం మేలు. ఈ పని మనకు సరిపడదని తెలిసినా ఆ రెండు వారాలు దండగ కావు.

ఎప్పుడు? నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం జరుగుతుంది. ఆ తర్వాత కౌన్సెలింగ్ దాకా దొరికే వారాలే అనువైనవి. ఇంటర్ రెండో ఏడాది మధ్యలో మాత్రం పెట్టుకోకండి. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నట్టు కార్డు లేకపోతే నవంబరులోనే మొదలుపెట్టండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. అలా మే నాటికి పూర్తవుతుంది.

ఎక్కడ అడగాలి? మా వైపు అందరి చూపూ కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి) మీదే. అది రంగరాయ మెడికల్ కాలేజీ బోధనాస్పత్రి కాబట్టి మంచం చుట్టూ పీజీలు, హౌస్‌సర్జన్లే ఉంటారు. వెనక నిలబడ్డ ఇంటర్ కుర్రాడికి వాళ్ల వీపులే కనిపిస్తాయి. మీ మండలంలోని పీహెచ్‌సీతో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మొదలుపెట్టండి. డాక్టరు, ఏఎన్ఎం (ఊళ్లలో తిరిగే నర్సు), ల్యాబ్, మందుల కిటికీ అన్నీ ఒకే వరండాలో ఉంటాయి.

మెడికల్ ఆఫీసరు పేరిట ఒక పేజీ అర్జీ రాయండి. ఏ తేదీలు, ఏ వేళలు అన్నది స్పష్టంగా ఉండాలి. ‘చూడటానికి మాత్రమే, రోగిని తాకను, ఫొటోలు తీయను’ అన్న మాట తప్పక రాయాలి. ప్రిన్సిపాల్ సంతకం, 18 నిండకపోతే అమ్మానాన్నల సంతకం కూడా పెట్టించండి. ఓపీ రద్దీలో కాకుండా మధ్యాహ్నం వెళ్లి ఇవ్వండి. ఏరియా ఆస్పత్రి అయితే అర్జీ సూపరింటెండెంటుకు వెళ్లాలి. నాయకుడి చేత ఫోన్ చేయించుకుని వెళ్తే అనుమతి వస్తుందేమో గానీ, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్లు దొరకరు.

వేషం. కాలివేళ్లు కప్పే బూట్లు, పొట్టి చేతుల చొక్కా, జుట్టు ముడి. ఉంగరాలు, గాజులు, వాచీ ఇంట్లోనే. తెల్లకోటు వద్దు. అది చూడగానే ఎవరో మామ్మగారు “డాక్టరుబాబూ, ఈ మాత్ర వేసుకోవచ్చా?” అంటారు. “నేను విద్యార్థినండీ, సిస్టర్‌గారిని అడుగుదాం” అనడం అలవాటు చేసుకోండి.

ఏం చూడాలి? మొదటి మూడు రోజులు బీపీ చూసే బల్ల దగ్గరే ఉండండి. ఎండలో నడిచొచ్చిన మనిషికి వెంటనే పట్టీ కడితే అంకె ఎక్కువ వస్తుంది. చొక్కా మీదుగా కట్టినా, చెయ్యి కిందికి వేలాడినా అంతే. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, చేతిని గుండె ఎత్తున ఉంచాకే చూడాలి.

సార్వా (వానాకాలం వరి) ఊడ్పుల వేళ పాముకాటు కేసులు వస్తాయి. అప్పుడు చేసే గాజు గొట్టం పరీక్షను తప్పకుండా గమనించండి. సుమారు 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డ కట్టకుండా జారితే, రక్తపింజరి వంటి పాము విషం ఒంట్లోకి ఎక్కిందన్నమాట. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పుతుంది, ఎందుకంటే గడ్డకట్టే క్రియను మొదలుపెట్టేది గాజు తలమే. కట్లపాము, తాచు కాటులో రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది. అక్కడ చూడాల్సింది కనురెప్పలు వాలడం.

బోదకాలు రాత్రి సర్వే ఉంటే ల్యాబ్ వాళ్లతో వెళ్లండి. ఆ క్రిములు రాత్రిపూటే రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి, అందుకే ఆ వేళ నమూనాలు తీస్తారు. వరదల్లో గోదావరి లంక గ్రామాల శిబిరాలకు కూడా పిలవచ్చు. ధవళేశ్వరం దగ్గర నీరు 13.75 అడుగులు, అంటే రెండో ప్రమాద హెచ్చరిక దాటితే మాత్రం పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కకండి.

చేయకూడనివి. సూదులు తెల్ల డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్తాయి. వాటిని మీరు ముట్టుకోవద్దు. పొరపాటున సూది గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడిగి, దాచకుండా అప్పుడే చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయడం నేర్చుకుందామనే కోరిక చాలామందికి ఉంటుంది. అర్హత లేని వైద్యానికి ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) చట్టం కింద ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

డైరీ. తేదీ, గంటలు, చూసిన పని, తలెత్తిన ప్రశ్న రాయండి. రోగి పేరు, ఊరు రాయకండి. అందరూ అందరికీ తెలిసిన పల్లెలో ‘ఫలానా వీధి షుగరు పేషెంటు’ అన్నా గుట్టు రట్టయినట్టే. సెలవులకు అమ్మమ్మగారింటికొచ్చే అమెరికా పిల్లలకు ఈ డైరీ మరీ అవసరం, అక్కడి మెడికల్ స్కూళ్లు ఇలాంటి అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. కానీ విదేశంలో శిక్షణ లేకుండా చేసిన చికిత్స పనులు అక్కడ గొప్ప కాదు, తప్పు. ధ్రువపత్రం ఇస్తే హాజరైన తేదీలు, గంటలు చాలు. ‘రోగులకు వైద్యం అందించాడు’ అని రాసి ఉంటే, ఆ వాక్యం కొట్టేయించి మళ్లీ సంతకం చేయించుకోండి.